మంగవ్వ పట్టుకున్న కంచె

మంగవ్వ సంవత్సరీకం దగ్గరపడింది. గోడకు పెట్టడానికి ఆమె ఫోటో ఒక్కటీ సరైనది లేదు. ఎవరి పెళ్లి ఫోటోలో చూసినా ఆమె వెనక వరసలోనే, సగం మొఖంతోనే. చివరికి కూతురు స్వాతి ఎక్కడినుంచో ఒకటి సంపాదించి, ఎల్లారెడ్డి బస్టాండు ముందున్న స్టూడియోలో పెద్దది చేయించి, అద్దం కట్టించి తండ్రి ముందు పెట్టింది.

సిద్దిరాములు చాలాసేపు చూశాడు. పెళ్లాం నవ్వుతోంది. అంతవరకు బాగానే ఉంది. చేతులే బాగాలేవు. రెండు పిడికిళ్లూ రొమ్ము ఎత్తున గాలిలో బిగించి ఉన్నాయి.

"ఈ చేతులేంది? ఎవనితోని కొట్లాడుతుంది?"

"చువ్వలు పట్టుకున్నది బాపు. మొఖానికి అడ్డం వచ్చినయని స్టూడియోల తీసేయించిన."

"ఏం చువ్వలు?"

స్వాతి తటపటాయించింది. "కామారెడ్డిల రైలింజను చుట్టూత కంచె ఉంటది చూడు, అవ్వి. మామ తీసిండు ఫోటో."

సిద్దిరాములు ఫోటోను బోర్లా తిప్పి పెట్టాడు.

మామ అంటే మహిపాల్, మంగవ్వ తమ్ముడు. కామారెడ్డిలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం అతనిది. తీగ చుట్టని పూట పాత ఇంజన్ల ఫోటోలు తీస్తాడు. ఏ స్టేషను ముందు రంగేసి, కంచె కట్టి ఒకదాన్ని నిలబెట్టారని తెలిసినా బస్సెక్కి పోతాడు. పెళ్లాం పిల్లలున్నవాడు చేసే పనేనా అది? నిరుడు మంగవ్వను కామారెడ్డి ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు, సిద్దిరాములు రిపోర్టుల కోసం వరసలో నిలబడితే, ఈయనగారు అక్కను ఆటో ఎక్కించి ఇంజను చూపించడానికి పట్టుకుపోయాడు. ఆ ఎండాకాలం దాటకుండానే ఆమె పోయింది.

రోగం ముదిరిందని డాక్టరు ముందే చెప్పాడు. కానీ రోగాన్ని నిలబెట్టి తిట్టలేం కదా. "ఎండల నిలబెట్టి చంపినవు నా పెళ్లాన్ని" అని సిద్దిరాములు పదిమందిలో మహిపాల్‌ను అన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఇది గోడకు పెట్టను. నీ తల్లి ఒట్టి చేతులతోని ఎన్నడన్న నిలబడ్డదా? ఆమె చేతుల ఉన్నది ఆమెకియ్యిమను."

"నాతోని కాదు. నాకు పంపినదాన్ని స్టూడియోల మార్చేసిండ్రు, అసలు ఫోటో మామ ఫోన్లనే ఉన్నది. నువ్వే పోయి అడుగు" అని స్వాతి లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున్నే సిద్దిరాములు కామారెడ్డి బస్సెక్కాడు. దుకాణం మూసి ఉంది. మనిషి ఎక్కడుంటాడో అడగాల్సిన పనిలేదు.

స్టేషను ముందు నల్లటి బొగ్గింజను, ఎర్రటి చక్రాలు, చుట్టూ ఇనుప చువ్వల కంచె. మహిపాల్ రెండు చువ్వల సందులో ఫోను దూర్చి, ఒక కన్ను మూసుకుని ఉన్నాడు.

"ఇంకా కదల్లేదా అది?" అన్నాడు సిద్దిరాములు వెనకనుంచి.

మహిపాల్ చేతిలోంచి ఫోను జారబోయింది. "బావా! ...కదలదు బావా. గందుకే ఫోటో మంచిగ వస్తది."

"చూపియ్యి."

ముందు భాగం, చక్రాలు, పొగగొట్టం. వరసగా చూపించాడు. ఒక్కదానిలోనూ కంచె లేదు.

"దీనికి ఒక్క చువ్వ అడ్డం రాకుంట తీసినవు. మీ అక్కకే అడ్డం పెట్టినవా?"

"అప్పుడు నేను లోపలున్న బావా. చెట్లకు నీళ్లు పోసేటాయన గేటు తెరిస్తే జొర్రిన. అక్కను గూడ రమ్మన్న. 'మీ బావ చూస్తే ఇద్దర్ని తంతడు' అని బయటనే నిలబడ్డది." మహిపాల్ ఫోనులో వెతికి ఆమెను చూపించాడు. చువ్వల నడుమ మొఖం. పిడికిళ్ల నిండా ఇనుము.

"ఎందుకు నవ్వుతుంది?"

"చెప్తే కోపానికొస్తవు."

"ఇప్పుడేమన్న తక్కువున్నదా? చెప్పు."

"'తమ్మీ, ఇది అచ్చం మీ బావే' అన్నది. 'దగ్గరికి పోతే పొగ, నోరు తెరిస్తే కూత. అయితేంది, ఇన్నేండ్లు నన్ను గుంజుకొచ్చింది గదా.' నేను పోదాం అంటే రాదు. 'ఉండురా, నిమ్మలంగ చూడనియ్యి. ఇంట్ల ఇట్ల చూస్తే కొరకొర చూస్తడు' అన్నది."

సిద్దిరాములు మెల్లగా పోయి, ఫోటోలో ఆమె నిలబడిన చోటే నిలబడి చువ్వలు పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. ఎదురుగా ఇంజను, నిజంగానే మొఖం ముడుచుకున్నట్టుంది.

"ఆ పొద్దు ఎండ బాగ కొట్టెనా?"

"ఏం ఎండ బావా? నీ నెత్తి మీద చూడు."

తల ఎత్తాడు. వేపచెట్టు. కంచె పొడుగునా నీడే.

"ఆ మాట అప్పుడే చెప్తే ఏమాయె?"

"నువ్వు చెప్పనిస్తివా?"

తప్పయిందనడం సిద్దిరాములుకు రాదు. నేర్చుకునే వయసూ దాటింది. గొంతు సవరించుకుని అరిచాడు: "సంవత్సరీకానికి పొద్దుగాల్నే రా! ఆలస్యమైతే గడప తొక్కనియ్య!"

"కూసింది" అన్నాడు మహిపాల్, ఇంజను వైపు చూస్తూ.

సంవత్సరీకం నాటికి చువ్వలతో సహా ఫోటో గోడకెక్కింది. మహిపాలే మేకు కొట్టాడు. వచ్చిన చుట్టాలు ఈ కంచె ఏందని అడిగితే సిద్దిరాములు "అన్నాలకు లేవుండ్రి" అని అరిచాడు. అందరూ పోయాక కుర్చీని సరిగ్గా ఫోటోకు ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు. కదలకుండా కూర్చున్నాడు. కొరకొర చూడకుండా ఉండటానికి మాత్రం చాలా కష్టపడ్డాడు.