దుప్పటి కప్పిన కుర్చీ

"మీ అమ్మమ్మ ఎవరో తెలిస్తే ఇప్పుడు నీకు ఒరిగేదేంటి?" అన్నాడు మొగుడు, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది, ఏదో ఒక జవాబు చెప్పుకునేది. పక్కగదిలోంచి అత్తగారు అందుకున్నారు. "మీ మేనమామలకే పట్టలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

మేనమామలకి ఎందుకు పడుతుంది? వాళ్లు ఆవిడ కడుపున పుట్టలేదు. దురద ఎందుకో ఆ ఇంటి చిన్నకోడలికే తెలుసు. వాళ్లమ్మ కళ్లు పోతున్నాయి. చూపు నడిమి నుంచి మసక కమ్ముకొస్తోందనీ, ఇక ఆపడం తన వల్ల కాదనీ డాక్టరు తేల్చేశాడు. అప్పటినుంచీ అమ్మది ఒకటే పాట. "కళ్లుండగానే మా అమ్మ మొహం ఒక్కసారి చూపించవే." ఆ మహాతల్లి, అమ్మకి ఏడాదైనా నిండకుండానే పోయింది. తాతయ్య మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటామె పేరెత్తితే రెండో ఆవిడ నొచ్చుకుంటుందని ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తగా ఎత్తగా పేరు నిలుస్తుంది గానీ, ఎత్తకపోతే ఏం నిలుస్తుంది? చివరికి ఎత్తుదామన్నా మిగల్లేదు.

వెతకడం చిన్నకోడలికి కొత్తేం కాదు. హాల్లో గోడమీద అద్దం బిగించి వేలాడుతున్న మామగారి వంశవృక్షం ఎవరి చలవ? ఆఫీసులో దొరికిన సెలవలన్నీ రికార్డు గదుల దుమ్ముకి ధారపోసి, ఏడు తరాల తాతల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టింది ఆమె. వచ్చినవాళ్లందరికీ మామగారు "మావాడు వేయించాడు" అని చూపిస్తారు. ఆ మావాడు చేసిందల్లా మేకు కొట్టడం. సరే, ఆ గోల ఇప్పుడెందుకు. అంత చెయ్యి తిరిగిన మనిషి కూడా సొంత అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి చతికిలపడింది. జననాల పుస్తకంలో అమ్మ పేరుంది, తండ్రి పేరుంది, తండ్రికి తండ్రి పేరు కూడా ఉంది. తల్లి గడిలో అడ్డగీత ఉంది. బడి కాగితాల్లో తల్లి పేరుంది గానీ అది రెండో ఆవిడది. జనాభా లెక్కల్లో తాతయ్య కింద "భార్య" అని ఉంది. తర్వాతి లెక్కల్లోనూ "భార్య" అనే ఉంది. ఆ నడుమ ఒక మనిషి చచ్చిపోయిందంటే ఏ కాగితమూ నమ్మదు. "ఇంటిపేరు దొరికింది కదమ్మా, ఇంకేం పేరు కావాలి?" అని నవ్వాడు రికార్డు గుమస్తా. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే తర్వాతి పుస్తకం తియ్యడు మరి.

చివరికి మిగిలింది ఒక్క ఫొటో. దుప్పటి కప్పిన ఎత్తైన కుర్చీలో పసిపిల్ల అమ్మ, పక్కన మీసం దువ్వుకుని నిటారుగా తాతయ్య. "మా నాన్న నాకోసం ఎంత పెద్ద కుర్చీ వేయించాడో చూడు" అని అమ్మ జీవితమంతా మురిసిపోయిన ఫొటో. అంచుల్లో ఏమైనా రాసుందేమోనని చిన్నకోడలు ఆఫీసులో, భోజనాల వేళ, దాన్ని పెద్దది చేసి చూసింది.

కుర్చీకి వేళ్లున్నాయి.

ఆ రోజుల్లో కెమెరా ముందు పిల్ల కదిలితే బొమ్మ చెదిరిపోయేది. కదలకుండా పట్టుకోవడానికి తల్లి కావాలి. పటంలో మాత్రం తల్లి అక్కర్లేదు. అందుకని నిలువునా దుప్పటి కప్పేశారు. చిన్నకోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. దొరికిందని ఏడవాలో, దొరకలేదని ఏడవాలో ఆమెకి తెలియలేదు.

ఆదివారం మామగారి పుట్టినరోజు. పొద్దుటి నుంచీ ఇంటిల్లిపాదికీ వండి, గిన్నెలు మూతలేసి, ఓ గంట వీలు చూసుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"ఇక్కడ చూడమ్మా. నీ నడుముకి రెండు వైపులా."

అమ్మ పటాన్ని ముక్కుదాకా తెచ్చుకుని, తల పక్కకి తిప్పి ఓరగా చూసింది. ఇప్పుడామెకి ఓరచూపే దిక్కు.

"వేళ్లు కదే? ఎవరివి?"

"నిన్ను పట్టుకున్నావిడవి."

అమ్మ పటంలో ఆ వేళ్లని చూపుడువేలితో తడిమింది. "అయితే నేను కూర్చున్నది..."

"మీ అమ్మ ఒళ్లోనే."

"మరి మొహమేదే?"

"కప్పేశారమ్మా."

"తియ్యవే ఆ దుప్పటి!"

"ఎలా తీస్తానే అమ్మా, అది బొమ్మ."

అమ్మ వినలేదు. దుప్పటి అంచుని గోటితో గీకడం మొదలుపెట్టింది. కాగితం పొర లేచి, కింద తెల్లగా బయటపడింది. కూతురు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఏడు తరాల్ని తవ్వి తీసిన మనిషికి ఒక్క దుప్పటి ఎత్తడం చేతకాలేదు.

ఫోను మోగింది. మొగుడు. "ఎక్కడున్నావ్? నాన్న, అన్నయ్యావాళ్లు అందరూ కూర్చున్నారు. ఫొటో నువ్వు తీస్తేనే బాగొస్తుంది, తొందరగా రా." ఏటా ఇదే. ఆ ఇంటి ఫొటోలన్నీ బాగుంటాయి. ఒక్కదాంట్లోనూ ఆమె ఉండదు. "వస్తున్నా" అని లేచింది, అలవాటు కొద్దీ.

అమ్మ కూతురి చెంగు పట్టుకుంది. "ఆగవే. మా మేనత్తని పేరడిగితే 'మా వదినే' అని ఊరుకుంది గానీ, పోయేముందు ఒక మాటంది. నీ కూతురు అచ్చు మీ అమ్మేనే అని. వట్టిమాటనుకున్నా." గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. ఓరగా, ఇంకా దగ్గరగా జరిగి వెతుక్కుంటోంది. "లీలగా ఉందే... వెలుతురు చాలడం లేదు... కదలకు, కదలకు."

ఫోను మళ్లీ మోగింది. మనవరాలు కదల్లేదు.