ఆముదం తాగిన గోడ

చంద్రకాంతమ్మకు భయపడటానికి పెద్ద కారణమేదీ అక్కర్లేదు, కొత్త ఇల్లు చాలు. రేణిగుంటలో కొడుకు హేమచంద్ర ఇల్లు మొదలుపెట్టినప్పటి నుంచి ఆమెకు నిద్ర కరువే. గోడలకు సిమెంటు పూసిన రోజు పగుళ్లొస్తాయేమోనని, నీళ్లు చల్లినన్నాళ్లూ నానిపోతాయేమోనని, ఎండాక మరీ ఎండిపోయాయేమోనని గుండె కొట్టుకుంటూనే ఉంది. వచ్చే గురువారమే గృహప్రవేశం. అది తప్పితే ఆషాఢం, మళ్లీ ముహూర్తం శ్రావణంలోనే. ఇప్పుడున్న అద్దె ఇంట్లోకేమో శుక్రవారం కొత్తవాళ్లు దిగుతున్నారు.

గృహప్రవేశానికి ఆరు రోజుల ముందు, శుక్రవారం నాడు, నగరి నుంచి వచ్చిన పెయింటర్ మురుగేష్ హాలు గోడకు, రంగుకు ముందు వేసే తెల్లటి ప్రైమర్ కొట్టాడు. ఎదురింటి నాగరత్నమ్మ వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"ఏం తెలుపు చంద్రకాంతా! పాలు పోసి కడిగినట్టుండాది."

అంతే. ఆమె గేటు దాటీ దాటగానే చంద్రకాంతమ్మ దీపం మసిని ఆముదంలో రంగరించి, తలుపు చాటున గోడకు రూపాయంత దిష్టిచుక్క పెట్టేసింది. రంగు పడ్డాక ఎవరికి కనపడుతుందిలే అనుకుంది.

శనివారం మురుగేష్ దాన్ని చూసి ఇంకో చెయ్యి ప్రైమర్ వేశాడు. ఆదివారం పొద్దునకు చుక్క మళ్లీ పైకొచ్చింది, చుట్టూ గోధుమరంగు అంచుతో. మళ్లీ వేశాడు. సాయంత్రానికి ఇంకాస్త పెద్దదై తేలింది.

"చెమ్మప్పా ఇది," అన్నాడు హేమచంద్ర. "పూత లోపల ఆరలేదు. మేస్త్రీని పిలిచి పగలగొట్టించాల్సిందే. గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకుందాం."

చంద్రకాంతమ్మ ఇరుకున పడింది. చెబితే నవ్వుతారు. చెప్పకపోతే గోడ పోతుంది, ముహూర్తమూ పోతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. అన్నిసార్లు కప్పినా పైకొస్తున్నది మసేనా, లేక నాగరత్నమ్మ దిష్టా?

మురుగేష్ చుక్కను వేలితో తడిమి చూశాడు. చుక్క మీద ప్లాస్టిక్ కవరు పెట్టి నాలుగు పక్కలా టేపు అంటించాడు. "రేపటికి లోపల నీటిబొట్లు పడితే చెమ్మ సార్. లేకుంటే వేరే సంగతి," అంటూ ఆమెకేసి ఓ చూపు చూశాడు.

సోమవారం కవరు తీస్తే లోపల పొడిగా ఉంది. మురుగేష్ గోడకు ముక్కు ఆనించి వాసన పీల్చాడు.

"సార్, గోడకు కడుపు సరిగా లేదు. ఎవురో ఆముదం పట్టించినారు."

"ఆముదం చలవే కదప్పా, గోడకేమవుతాది?" చంద్రకాంతమ్మ నోరు జారింది.

"చలవ సంగతి నేను అడగలేదే. ఎంత తాపించినావమ్మా?"

"రవ్వంత. దిష్టికి."

హేమచంద్ర రంగు డబ్బా మీద కూలబడ్డాడు. "మేస్త్రీని పిలుస్తానంటా ఉంటే నోట్లో ఏం పెట్టుకోనుంటివి మా?"

"భయం పెట్టుకోనుంటిని నాయనా."

మురుగేష్ నవ్వాపుకుని చుక్కను గీకేశాడు. "నీళ్ల ప్రైమర్ నూనెను ఆపలేదు సార్, పైకి తేల్చేస్తాది. ఆయిల్ ప్రైమర్ ఒక చెయ్యి వేస్తే అణుగుతాది." వేశాడు, అణిగింది. బుధవారానికి గోడ మీద మీగడ రంగు కూడా పడింది.

ఇప్పుడు చంద్రకాంతమ్మకు చుక్క లేదన్న బెంగ పట్టుకుంది.

"స్విచ్చి బోర్డు విప్పుతా, ఆ సందులో పెట్టుకోమ్మా," అన్నాడు మురుగేష్.

"కరెంటు కొడితే?"

"అయితే యాడన్నా పెట్టుకో. గోడకు మాత్రం వద్దు."

నిచ్చెనెక్కి పైమూల సరిచేస్తున్నాడతను. గేటు దగ్గర నాగరత్నమ్మ గొంతు వినిపించింది. "ఏం పనితనమమ్మా ఈ పిల్లోడిది. మా ఇంటికీ ఇతన్నే పిలవాల."

చంద్రకాంతమ్మ ఉలిక్కిపడింది. నిచ్చెన మీద ఉన్న మనిషి! పరుగున పోయి మసి తెచ్చి, తన మొహానికి సమంగా ఉన్న అతని అరికాలికి బొటనవేలితో అద్దేసింది.

"ఏందమ్మా అది?"

"ఏం లేదు నాయనా. మెల్లిగా దిగు."

మెల్లిగానే దిగాడు. బ్రష్షులు కడుక్కోవడానికి తలుపు పక్కగా పెరట్లోకి నడిచిపోయాడు. కొత్త టైల్సు మీద, అడుగు విడిచి అడుగుకు ఒక్కో నల్లచుక్క.

కొడుకు చూసేలోపు చంద్రకాంతమ్మ తడిగుడ్డ పట్టుకుని వంగింది. ఒక్కొక్కటీ తుడుచుకుంటూ వచ్చి తలుపు చాటున ఆగింది. అటూ ఇటూ చూసి, ఆ ఒక్కదాన్నీ అట్లే వదిలేసింది.