పేరుకు ముందర

హరినాథ్ నాపరాయి బండ మీద చెంబుడు నీళ్ళు చల్లి, గుడ్డతో తుడిచి, నాలుగు మూలలా నాలుగు సీసా మూతలు బోర్లించి, వాటి మీద లాప్‌టాప్‌ను చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు. బద్వేలులో ఎండలు ముదిరినప్పటి నుంచీ ఇదే వరస. పోయిన ఏడు మే నెలలో పాత లాప్‌టాప్ ఉడికి ఉడికి ఒకనాటి మధ్యాహ్నం కమురు వాసన కొట్టి చచ్చింది. ఆ వాసన అతని ముక్కులోంచి ఇంకా పోలేదు. అందుకే ఈ కొత్తదాన్ని కొన్న రోజే, కరెంటు తక్కువ తాగే పొదుపు పద్ధతిలో పెట్టేశాడు. తెర మూలన చిన్న పచ్చాకు గుర్తు వచ్చింది. ఆ ఆకును చూస్తే అతనికి ప్రాణం చల్లబడేది.

ఫ్యాను ఆపాడు. కొట్టు తలుపు మూశాడు. బయటి చప్పుడు రాకుండా గోడలకు అతికించిన కోడిగుడ్ల అట్టల మధ్య, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని, చిటికెడు వాము నోట్లో వేసుకుని మైకు ముందు కూర్చున్నాడు.

"అమ్మల్లారా, అక్కల్లారా! ఏ చీర తీసుకున్నా రెండువందల యాభై..."

ఒక్క గుక్కలో చెప్పేశాడు. విన్నాడు. అద్దంలా ఉంది. ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు.

ఊళ్ళో ప్రచారం ఆటోల్లో వినపడే గొంతు అతనిదే. ముప్పై ఏళ్ళుగా చీరల మేళాలు, పశువులకు టీకాలు, తప్పిపోయిన ముసలివాళ్ళు, చావులు, అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలిశాయి. మనిషిని మాత్రం ఎవరూ ఎరగరు. బక్కపలచని ఒళ్ళు, బట్టతల, యాభైనాలుగేళ్ళ వయసు, ఎవరి కంటికీ ఆనని మొహం. కూరగాయల అంగట్లో "వంకాయలు ఎంతమ్మా?" అని అడిగితే, ఆ మనిషి అతన్ని వదిలేసి రోడ్డు మీద ఆటో ఎక్కడుందా అని చూస్తుంది. మొదట్లో అతనికి చిన్నతనంగా ఉండేది. తర్వాత నవ్వొచ్చేది. ఇప్పుడు అదీ లేదు.

రెండో కాగితం తీశాడు. పాత చర్చి వీధిలో విశ్వాసమ్మ పోయింది. సాయంత్రం నాలుగుకు సమాధి కార్యక్రమం.

"విచారకరమైన వార్త. మన పాత చర్చి వీధి కాపురస్తురాలు, శ్రీమతి..."

ఆగాడు. లోపల నాలుగు లెక్కపెట్టుకున్నాడు. "విశ్వాసమ్మ గారు" అన్నాడు.

వింటే, "శ్రీమతి" దాకా బాగుంది. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత టక్కుమని పొయ్యిలో పుల్ల చిట్లిన చప్పుడు. పేరు లేదు. "గారు" మాత్రం నిక్షేపంగా ఉంది.

"దీని తస్సాదియ్యా! మళ్ళా మింగిందే!"

పది రోజులుగా ఇదే పీడ. మైకు తీగ మార్చాడు. పక్క కొట్టు కూల్‌డ్రింకుల ఫ్రిజ్ వల్లనేమో అని బతిమాలి దాన్ని ఆపించాడు. సెల్‌ఫోన్ తీసుకెళ్ళి వీధి అరుగు మీద పెట్టాడు. మైకుదే తప్పని దాన్ని తిట్టి, కాదేమోనని మళ్ళీ తుడిచాడు. చీరలు మింగదు, టీకాలు మింగదు, చచ్చినవాళ్ళ పేర్లు మాత్రం వెతుక్కుని మింగుతుంది. ఇదేం చోద్యమో అతని బుర్రకు ఎక్కలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కొంచెం భయం కూడా వేసింది. పైకి చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ పోయింది. చివరికి ఆగకుండా, తరుముతున్నట్టు పేరును ముందు మాటకు అతికించి చెప్పేశాడు. పేరు నిలిచింది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఆటో అవినాష్ చేతికిచ్చాడు గానీ, దొంగపని చేసినట్టు మొహం తిప్పుకున్నాడు.

గంటన్నరకు అవినాష్ తిరిగొచ్చాడు. "అన్నా, పేరు ఎవురి చెవినా పడలా. పోయింది ఎవురని ఆటో ఆపి నన్నే అడుగుతాండారు."

పడదు. ఎందుకు పడదో హరినాథ్‌కు తెలుసు. అది నేర్పినవాడు నరసన్న.

మైకు జట్కాబండి మీద తిరిగిన రోజుల్లో నరసన్న ఈ ఊరి గొంతు. మగ్గం పని చేతకాక తిరుగుతున్న హరినాథ్‌ను బండి ఎక్కించుకుని, మొదటి రోజే చెప్పాడు: "పేరుకు ముందర ఆగల్లరా. రొట్టె కాల్చేది రొట్టె వదలల్ల, మగ్గమాడేది మగ్గం నిలపల్ల. అందరి చెవులూ నీ తట్టు తిరిగినంక చెప్పు పేరు." అంతే అతని చదువు. ఆ నాలుగు లెక్కల నిశ్శబ్దం మీదనే హరినాథ్ ముప్పై ఏళ్ళు బతికాడు.

ఆ నరసన్న ఇప్పుడు సాలె వీధిలో నులకమంచం మీద ఉన్నాడు. రోజూ పదకొండుకు హరినాథ్ అతనికి మజ్జిగ తీసుకెళ్ళి తాపుతాడు. ఈ రోజూ వెళ్ళాడు. ముసలాయన రెండు గుక్కలు తాగి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు.

"పొద్దన ఆటో పోయింది. విన్న్యా," అన్నాడు, గొంతు గాలిలాగ వచ్చింది. "ఏంటికిరా ఆ తొందర? ఎవురైనా తరుముకున్న్యారా నిన్ను?"

హరినాథ్ తల వంచుకున్నాడు. "మిషను పేర్లు మింగతాండాది నాయనా. ఏంటికో తెలీడం ల్యా."

"నా దినం దగ్గరపడిందిలే. నా సావు మాట నువ్వే చెప్పల్ల." మళ్ళీ కళ్ళు మూతపడ్డాయి. నిద్రపోయాడేమో అనుకుని హరినాథ్ లేవబోయాడు. "నా పేరు మాత్రం మింగాకు హరీ."

హరినాథ్ లేచాడు. నేరుగా కొట్టుకు పోయి లాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని బస్టాండు దగ్గర శివజ్యోతి దుకాణానికి నడిచాడు. ఆ అమ్మాయి లాప్‌టాప్‌లు బాగు చేస్తుంది. అతను చెప్పిందంతా విని, రికార్డింగు రెండుసార్లు పెట్టి చూసి, తెర మూలన పచ్చాకు మీద వేలు పెట్టింది.

"ఇదేందన్నా? దీన్ని పొదుపులో పెట్టినావు గదా. నువ్వు ఆగినావనుకో, పని అయిపాయ అనుకోని లోపల ప్రాసెసర్ కునుకు తీస్తాది. మళ్ళా నువ్వు మాట్లాడితే అది లేచేలోపల మొదటి మాట పోతాది."

"కునుకా! నేను దాని ముందర కూసోనే ఉంటి గదమ్మా?"

"నువ్వుండావు. మాట లేదు గదన్నా."

హరినాథ్ ఆ ఆకు వంక చూశాడు. పనే లేదనుకుందా అది? ఆ నాలుగు లెక్కలే గదా అసలు పని! మిగతా మాటలు ఎవరైనా చెబుతారు. అదీగాక, చల్లగా ఉండాలని, పదికాలాలు బతకాలని తాను ముద్దుగా పెట్టిన ఆకే ఇన్నాళ్ళూ పేర్లు మింగిందా? ఎవరిని తిట్టాలో అతనికి తోచలేదు.

"ప్రాసెసర్‌ను ఎప్పుడూ నూటికి నూరు మేలుకోనుండేట్టు పెడతా. అయిపాయ."

"వేడెక్కదామ్మా?"

"ఎక్కుతాది. ఎక్కనీ."

కమురు వాసన గుర్తొచ్చింది. "వద్దులేమ్మా, నేనే చూసుకుంటా," అన్నాడు. ఎక్కడ నొక్కాలో చీరల కరపత్రం వెనక రాయించుకుని, మెరకన నడిచినట్టు ఆయాసపడుతూ కొట్టుకొచ్చాడు. కరపత్రం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆకు మీద నొక్కడానికి చెయ్యి రాలేదు. రేపు చూద్దాంలే అనుకుని టీ తెప్పించుకున్నాడు.

మూడున్నరకు ఫోను మోగింది. నరసన్న కూతురు ప్రమీలారాణి.

"అన్నా... నాయన పోయినాడు. నువ్విచ్చిన మజ్జిగ తాగి పండుకున్న్యాడు. లేయలా. రేపు పొద్దున తొమ్మిదికి ఎత్తుతారంట. సందకాడికి ఊరికి తెలియల్ల."

"సరేమ్మా," అన్నాడు హరినాథ్.

కరపత్రం చూస్తూ ఒక్కొక్కటే నొక్కాడు. ఆకు పోయింది. లాప్‌టాప్ లోపలి చిన్న ఫ్యాను గిర్రున లేచింది. బండ మీద మళ్ళీ నీళ్ళు చల్లి తుడిచి, దాన్ని పెట్టి, వాము నోట్లో వేసుకున్నాడు.

"విచారకరమైన వార్త. మన సాలె వీధి కాపురస్తులు, ఒకప్పుడు ఈ ఊరికి గొంతు అయినవారు, శ్రీ..."

ఆగాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు. పది.

పేరు రాలేదు.

విన్నాడు. టక్కుమన్న చప్పుడు లేదు. నిశ్శబ్దం చివరిదాకా శుభ్రంగా ఉంది, అందులో తన ఊపిరి కూడా వినపడుతోంది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అక్కడే నిలిచిపోయాడు. మూడోసారీ అంతే. లాప్‌టాప్ కళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తూనే ఉంది. ఈసారి మింగుతున్నది తానే. కోడిగుడ్ల అట్టలకు ఆ పేరు ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. చెవులు తిప్పడానికి అక్కడ ఎవరున్నారు? ముప్పై ఏళ్ళలో మొదటిసారి హరినాథ్ ఆ గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

బయట ఆటో ఆగింది. "అన్నా, పెన్‌డ్రైవు!" అన్నాడు అవినాష్.

"పెన్‌డ్రైవు లేదు. నేనే వస్తాండా పా."

గోడకు మేకు మీద వేలాడుతున్న నరసన్న పాత ఇనుప మైకును దించి, తువ్వాలుతో దుమ్ము తుడిచాడు. దాని తీగను ఆటోలోని ఆంప్లిఫయర్‌కు తగిలించి, అవినాష్ పక్కన కూర్చున్నాడు.

నాలుగు రోడ్ల దగ్గర ఇంజను ఆపించాడు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "శ్రీ..." అని ఆగాడు. పూలమ్మే మనిషి చేతిలో మాల నిలిచింది. టీ కొట్టువాడు గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తలలు ఆటో వైపు తిరిగాయి, ఆ గొంతుకు ఒక మొహం ఉందని మొదటిసారి చూశాయి. ఆ మొహం నిండా కన్నీళ్ళు.

"నరసన్న గారు," అన్నాడు హరినాథ్.

ఆటో వీధి వీధికీ తిరిగింది. ప్రతి మలుపులో ఇంజను ఆగింది. చివరికి పొద్దు వాలే వేళకు అతని కొట్టు ముందుకూ వచ్చి, ఒక్క క్షణం ఆగి, ముందుకు పోయింది.

దగ్గరగా లాగిన తలుపు వెనక, ఆరిపోయిన నాపరాయి బండ మీద, అతను ఆపడం మరిచిన లాప్‌టాప్ నిద్రపోకుండా ఖాళీ గదిని రికార్డు చేస్తూనే ఉంది. తెర మీద చాలాసేపటి నుంచి తిన్నగా సాగుతున్న శబ్దం గీతలో ఒకచోట నాలుగు అక్షరాలంత చిన్న మిట్ట లేచి, మళ్ళీ తిన్నగా సాగింది.