నా బదులు ఇచ్చిన మాట

ఉడికించిన గుడ్లు వలుస్తున్నాను. వేడి ఇంకా తగ్గలేదు, వేళ్ళు చురుక్కుమంటున్నాయి, చల్లారేదాకా ఆగే తీరిక లేదు. కిందనుంచి కారు హారన్ ఆగకుండా మోగుతోంది. ఆయన ముందే దిగి కార్లో కూర్చున్నారంటే నేను ఆలస్యం చేస్తున్నట్టు లెక్క. స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, తాళాలు చేతిలోకి తీసుకుంటే ఆయన ప్రయాణానికి తయారైపోయినట్టే. నేనైతే గ్యాస్ కట్టెయ్యాలి, బాల్కనీలో బట్టలు తియ్యాలి, మిగిలిన పాలు కాచి పెట్టాలి, దారిలోకి రొట్టెలూ వేపుడూ సర్దాలి, కారెక్కితే కడుపులో తిప్పే పిల్లకి నిమ్మకాయ వెతకాలి. సంచులు మోసుకుంటూ మెట్లు దిగుతుంటే చూసి, "పెళ్ళివారికి విడిదా ఏంటి? దారిలో హోటళ్ళే లేనట్టు!" అన్నారు. హోటల్ దగ్గర ఆపుదామంటే బయటి తిండి పడదని ముఖం చిట్లించేదీ ఆయనే.

కొత్త సంవత్సరానికి ఏటా మేం బావగారింటికి వెళ్తాం. అత్తయ్య అక్కడే ఉంటారు. ఎక్కడికెళ్తున్నావని ల్యాబ్‌లో అడిగితే చెప్పాను. "హాయిగా సెలవన్నమాట" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా వంటింట్లోంచి బయల్దేరి వాళ్ళ వంటింట్లో దిగడాన్ని సెలవంటారని అప్పుడే తెలిసింది.

ఈసారి మాత్రం నా దగ్గర చెప్పాల్సిన మాట ఒకటుంది. నేను ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పసిపిల్లలకీ బాగా నీరసించిపోయినవాళ్ళకీ నరం దొరక్కపోతే నన్నే పిలుస్తారు. మా పెద్ద మేడమ్ రిటైరవుతున్నారు. వెళ్తూ వెళ్తూ, "ల్యాబ్ నీ చేతికే ఇద్దామని పైవాళ్ళతో మాట్లాడాను. కొత్త సంవత్సరం రోజే బాధ్యత తీసుకోవాలి. ఆలోగా ఊ అను, లేకపోతే బయటినుంచి ఎవర్నో తెస్తారు" అన్నారు. ఇంట్లో చెప్పి వస్తానన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్నోసారి చూసి ఊరుకున్నారు. ఆ చూపు నన్ను రోజూ పొడుస్తూనే ఉంది. చెబుదామనుకున్న ప్రతిసారీ ఇంట్లో కుక్కరో, టీవీలో క్రికెట్టో, పిల్ల హోంవర్కో అడ్డుపడ్డాయి. కార్లో ఎక్కడికీ పోలేరు కదా, అక్కడ చెప్తాననుకున్నాను.

కార్లో నేను వెనక సీట్లో, సంచుల మధ్య. పిల్లకి ముందు కూర్చుంటే తిప్పదని ముందు సీటు దానికిచ్చేశాం. "మీతో ఒక మాట" అన్నాను ఊరు దాటాక. "ఆఁ, చెప్పు, వింటున్నా" అన్నారు. నేను గొంతు సవరించుకునేలోపు, "ముందు మంచినీళ్ళిలా ఇయ్యి" అన్నారు. ఇచ్చాను. పిల్ల నిమ్మకాయ అడిగింది. ఇచ్చాను. మళ్ళీ మొదలుపెట్టేసరికి బావగారి ఫోన్ స్పీకర్లో మోగింది. "అన్నయ్యా, అదంతా నేను చూసుకుంటానన్నాగా, నువ్వు బెంగపెట్టుకోకు" అంటూ అద్దంలో ఒకసారి నాకేసి చూసి, స్పీకర్ కట్టేసి ఫోన్ చెవికి ఆనించుకున్నారు. "డ్రైవింగ్‌లో ఫోనేంటి నాన్నా" అని కూతురు అరిచింది. దాని మాటకి పెట్టేశారు. తర్వాత చాలాసేపు నేను కిటికీలోంచి వెనక్కి పోతున్న లారీలని చూస్తూ కూర్చున్నాను. పక్కన ఒక ఆడమనిషి తనే కారు నడుపుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. పక్క సీటు ఖాళీ. ఎక్కడికెళ్తోందో, ఎవరికి చెప్పి బయల్దేరిందో. కాళ్ళు ఒకటే కదుపుతున్నట్టున్నాను. "ఏంటమ్మా, నా సీటు ఊగుతోంది" అంది కూతురు.

బావగారింట్లో చెప్పులు విప్పానో లేదో, వంటింట్లోంచి తోడికోడలు తొంగిచూసింది. నాకంటే బాగా పెద్దది, అక్కయ్యా అంటాను. నడుముకి బెల్టు కట్టుకుని స్టవ్ దగ్గర నిలబడి ఉంది. రాత్రికి ఇంట్లోవాళ్ళమే అయినా, మర్నాడు కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నానికి బావగారి ఆఫీసు వాళ్ళంతా భోజనానికి వస్తున్నారట. కూరగాయలు గట్టు నిండా పరిచి ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఉల్లిపాయలు ముందుకి లాక్కున్నాను.

"ఇంక నీకు హాయేలే" అంది అక్కయ్య, గిన్నెలో గరిటె తిప్పుతూ. "పొద్దున్నే లేచి పరుగులు లేవు. ఇంటిపట్టున ఉండి అత్తయ్యని చూసుకోవచ్చు. నాకూ కాస్త ఊపిరాడుతుంది."

"ఏంటక్కయ్యా?"

"ఉద్యోగం మానేస్తున్నావటగా. వచ్చే నెల నుంచి అత్తయ్య మీ ఇంట్లోనేగా. మరిది మీ బావగారికి మాటిచ్చేశాడు." నా ముఖం చూసి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "నీకు చెప్పలేదా?"

ఉల్లిపాయ కోస్తున్నాను కాబట్టి కళ్ళనీళ్ళకి సంజాయిషీ అక్కర్లేకపోయింది. అక్కయ్య మీద కోపం రాలేదు. ఇన్నేళ్ళూ అత్తయ్య మందులూ పథ్యాలూ మోకాళ్ళ కాపడాలూ ఆవిడే చూసింది. ఆ నడుముకి కట్టిన బెల్టు ఊరికే రాలేదు. ఆవిడ ఊపిరి పీల్చుకోవాలంటే నాది బిగపట్టాలని ఇద్దరు అన్నదమ్ములు కలిసి తేల్చారు. ఆ చాకిరీలో వాళ్ళ చేతులు మాత్రం ఎక్కడా లేవు. నాకు గుర్తొస్తోంది, పెళ్ళైన కొత్తలో "నీ ఉద్యోగం నీ ఇష్టం, నేనేం అడ్డు చెప్పను" అన్నారాయన, అదేదో కానుకలా. పిల్ల పుట్టినప్పుడు, "మానెయ్యమని నేననట్లేదు, ఇల్లు చెడకుండా చూసుకో చాలు" అన్నారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. అంత నెమ్మదస్తుడు దొరకడం నా అదృష్టమని మా అమ్మ కూడా అంటుంది. గొంతు పెంచితే కనీసం ఎదురు గొంతు పెంచొచ్చు. ఇలా మెత్తగా సర్దుకుంటూ పోయేవాళ్ళతో ఎక్కడ మొదలుపెట్టి పోట్లాడాలి? ఉల్లిపాయలు ఎప్పుడో అయిపోయాయి. నేను ఉత్త చెక్క మీద కత్తి ఆడిస్తున్నాను. "అత్తయ్యకి టీ ఇచ్చిరా" అంది అక్కయ్య, నా చేతిలోంచి కత్తి తీసుకుంటూ.

అత్తయ్య మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. టీ అందుకుని, "నన్ను నీ నెత్తిన పెడుతున్నారట కదా" అన్నారు.

"మీకెవరు చెప్పారు?"

"నాకెవరు చెప్తారు? హాల్లో అనుకుంటుంటే విన్నాను. నాకు చెవుడనుకుంటున్నారు వెధవలు."

"మరి మీకిష్టమేనా?"

అత్తయ్య టీ కప్పు పక్కన పెట్టారు. "ఇష్టమా? ఈ కిటికీ, ఈ మంచం, సాయంత్రం వచ్చి కూర్చునే పక్కింటావిడ, ఇవన్నీ వదిలి మీ ఇంటికొచ్చి ఏం చెయ్యను? పైగా నీ వంట నాకు ఒక పూటకైతే పర్వాలేదు. రోజూ నా వల్ల కాదు."

వెనకటికి ఇలాంటి మాటకి వారం రోజులు ఏడ్చేదాన్ని. "ఉద్యోగాలు చేసే చేతులకి ఇంతకన్నా ఏం వస్తుందిలే" అని నా మొదటి కూరకి వంక పెట్టింది ఈవిడే. ఇప్పుడు మాత్రం నవ్వాపుకోలేకపోయాను. "ఆ మాట మీ అబ్బాయిలతో అనండి" అన్నాను.

"నా మాట నేనంటాను. నీది నేనెందుకనాలి? నీకు నోరు లేదూ?"

భోజనాలకి మగవాళ్ళూ అత్తయ్యా కూతురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. అక్కయ్యా నేనూ వడ్డిస్తున్నాం. బావగారు మంచి హుషారుగా ఉన్నారు. "కొత్త సంవత్సరంలో అమ్మకి స్థలం మార్పు. తమ్ముడు పెద్ద మనసు చేసుకున్నాడు" అన్నారు.

"అదేం పెద్ద విషయం కాదన్నయ్యా. తనూ ఆ ఉద్యోగంతో అలిసిపోతోంది. ఎలాగూ మానేద్దామనే ఉంది" అన్నారు ఆయన, కంచంలోకి చూస్తూ.

గరిటె నా చేతిలోనే ఉంది. "నేను మానడం లేదు" అన్నాను.

నేననుకున్నంత గట్టిగా రాలేదు గొంతు. కానీ అందరికీ వినబడింది.

"తర్వాత మాట్లాడుకుందాం" అన్నారాయన, ఎప్పట్లాగే నెమ్మదిగా.

"పొద్దుట్నుంచీ అదే చేస్తున్నాను. కార్లో చెప్పబోతే మంచినీళ్ళడిగారు. ల్యాబ్ నాకిస్తామంటున్నారు. మొత్తం ల్యాబ్. నేను తీసుకుంటున్నాను."

"నువ్వు హెడ్డా అమ్మా?" కూతురు కుర్చీలోంచి సగం లేచింది. "నిజంగా?"

బావగారు దగ్గారు. "అది కాదమ్మా, పెద్దావిడ సంగతి కూడా చూడాలి కదా..."

"పెద్దావిడ ఇక్కడే కూర్చుంది, అన్నం తింటోంది" అన్నారు అత్తయ్య. "నేనెక్కడికీ రాను. మోకాళ్ళు నొప్పన్నానుగానీ ఇల్లు మార్చమన్లేదు. ఇన్నేళ్ళు చేసి పెద్దకోడలు నడుము పోగొట్టుకుంది. ఇద్దరు కొడుకులు కలిసి నాకో ఆయాని పెట్టలేరా?"

మా ఆయన ముఖం తేటపడింది. హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలి, నాకేసి చూసి నవ్వారు. "సరే, అమ్మే రానంటోందిగా, ఇంకేం గొడవ లేదు. నువ్వు ఉద్యోగం చేసుకో."

చేసుకో. మానేద్దామనే ఉందని ఆయన అన్నప్పుడు కూడా ఇంత నొప్పి కలగలేదు. తలుపు మూసిందీ ఆయనే, ఇప్పుడు తీసి పట్టుకుని నిలబడ్డదీ ఆయనే, లోపలికి వెళ్తూ నేను థాంక్స్ చెప్పాలి కాబోలు. అత్తయ్య రానన్నారు కాబట్టి నాకు దొరికింది. వస్తానని ఉంటే? ఇన్నేళ్ళూ నేను బతికినవన్నీ ఇలా ఎవరో ఒకరు వద్దనుకోగా మిగిలినవేనా? ఇంట్లో చెప్పి వస్తానన్నప్పుడు మేడమ్ నన్నెందుకలా చూశారో అప్పుడర్థమైంది.

గరిటె గిన్నెలో పెట్టేశాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫోన్ తీసి, అక్కడే, వాళ్ళందరి ముందే మేడమ్‌కి చేశాను. "ఊ అంటున్నాను మేడమ్. పొద్దున్న మొదటి బస్సుకి బయల్దేరుతాను. మధ్యాహ్నానికి ల్యాబ్‌లో ఉంటాను." అవతల ఆవిడ ఏదో అడిగారు. "లేదు మేడమ్, ఎవర్నీ అడగలేదు" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నారు. మొదటిసారి ఆ గొంతులో నెమ్మది లేదు. "రేపు వెళ్ళిపోవడమేంటి? మధ్యాహ్నం అంతమంది వస్తున్నారు. నువ్వూ వదినా కలిసి చేస్తారని అన్నయ్యకి చెప్పాను. వంటెవరు చేస్తారు?"

"నా బదులు మాటిచ్చారు కదా. నా బదులు వంట కూడా మీరే చెయ్యండి" అన్నాను.

అక్కయ్య చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టింది. నడుము బెల్టు వదులు చేసుకుని, ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని వాళ్ళందరి మధ్యా కూర్చుంది. తనకి తనే వడ్డించుకుంటూ, తలెత్తి ఆయన్ని అడిగింది.

"అయితే రేపు ఏం వండుతున్నావు మరిదీ?"