వెనక అద్దం మీది స్టిక్కర్

వెనిగర్ నీళ్లలో గుడ్డ ముంచి కారు వెనక అద్దం మీది స్టిక్కర్‌ని గీకుతున్నాను. అమెరికాలో మా టొలీడో ఊళ్లో పిల్లలు ఏ కాలేజీలో చేరారో కారు వెనక అద్దమే ఊరంతా చాటుతుంది. మా కోరిన్ ఏ కాలేజీయో తేల్చుకోకముందే మా ఆయన డ్వైట్ ఓ పెద్ద కాలేజీ పేరున్న దీన్ని తెచ్చి అంటించేశాడు. దేశంలో పద్దెనిమిదో ర్యాంకు మరి! చర్చి దగ్గర అద్దం అందరికీ కనబడేలా కారు తిప్పి మరీ నిలిపేవాడు. అంటించేది అతను, గీకేది నేను. మా ఇంట్లో ఏ పనైనా అంతే.

ఆ పెద్ద కాలేజీ ఫీజులో పైసా తగ్గించనంది. ర్యాంకుల్లో ఎక్కడో నూట నలభైలో ఉన్న చిన్న కాలేజీ, కోరిన్ మార్కులు చూసి ముప్పాతిక ఫీజు మాఫీ చేస్తానంది. రెండూ చూడ్డానికి నేనూ వెళ్లాను. చిన్న కాలేజీలో తల్లిదండ్రులందరం భోజనం ఎలా ఉంటుందని అడుగుతుంటే, నా కూతురు, "ఈ స్కాలర్‌షిప్ రెండో ఏడాది ఎంతమందికి ఊడుతుంది?" అంది. కాలేజీ తిప్పి చూపిస్తున్న కుర్రాడు మాట మార్చాడు. ఇది ఊరుకుందా? ఆఫీసులో కూర్చుని జవాబు రాబట్టుకునే లేచింది. రెండుచోట్లా క్లాసుల్లో వెనక వరసలో కూర్చుంది. పెద్ద కాలేజీలో ఒక్కరూ నోరు విప్పలేదట. చిన్నదాంట్లో ఎవరో ప్రశ్న వేస్తే మేడమ్, "నాకూ తెలీదు, పదండి చూద్దాం" అని అందరినీ ల్యాబ్‌కి తీసుకెళ్లిందట.

పదిహేడేళ్లకే ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందే తల్లీ! నేనైతే ఇరవయ్యేళ్లప్పుడు డ్వైట్‌కి ఇక్కడ ఉద్యోగం వచ్చిందని నర్సింగ్ సగంలో వదిలేసి పెట్టె సర్దుకున్నాను. మళ్లీ చదువుతానని ఎప్పుడన్నా అతనిది ఒకటే మాట: "ముందు పిల్ల చదువు గట్టెక్కనీ. ఇద్దరి ఫీజులూ నేనెక్కణ్ణుంచి తేను?" పళ్ల డాక్టరు దగ్గర రోజంతా ఫోన్లెత్తి నేను తెచ్చే జీతం అతనికి ఆనదు.

నిన్న భోజనాల దగ్గర కోరిన్ చిన్న కాలేజీయే అని చెప్పేసింది.

"నూట నలభయ్యా! నలుగురికీ ఏమని చెప్పుకోను?"

"ర్యాంకులిచ్చేవాళ్లు నా పక్కన కూర్చుని పాఠం వినరుగా నాన్నా. అప్పు మాత్రం నాతోనే ఉంటుంది."

"నువ్వైనా చెప్పవేం?" అని నా మీదికి తిరిగాడు. నేను నా కూతురి పక్షమే. దాని కంచంలో ఇంకాస్త బంగాళాదుంప కూర వడ్డించాను.

ఇప్పుడు డ్వైట్ బయటికొచ్చాడు. "సరేలే, దాని కాలేజీ స్టిక్కరే తెచ్చి అంటిస్తా."

"వద్దు, అద్దం ఖాళీగా ఉండనీ. వెనక ఏం వస్తోందో నాకు కనబడాలి."

"నీకెందుకు?"

"పిల్ల చదువు గట్టెక్కింది డ్వైట్. ఆగస్టు నుంచి సాయంత్రాలు కారు నాది. నర్సింగ్ క్లాసులకి వెళ్తున్నా."

"మరి వంటో?"

తడిగుడ్డ అతని చేతిలో పెట్టాను.

"అంచుల్లో జిగురు ఇంకా పోలేదు. ముందు అది గీకు."