జీడితోటలో పొట్టి రైఫిల్

నేను ఒక పొట్టి రైఫిల్‌ని. పొట్టి అన్నందుకు నొచ్చుకోను. ఆ పొట్టితనం చూసే నన్ను కొన్నారు. నా బాధల్లా లోపలి స్ప్రింగుతోనే. బోల్టు వెనక్కి లాగి ముందుకు తోశారంటే అది బిగుసుకుని కూర్చుంటుంది. ఇక ఒక వేలు కదిలేదాకా దానికి శాంతి లేదు. మనుషులు దీన్ని సిద్ధంగా ఉండటం అంటారు.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక కర్మాగారంలో. ఒకాయన నా గొట్టంలోకి ఒంటికన్నుతో చూసి, మామూలుకంటే ఎక్కువ మందు దట్టించిన తూటా పేల్చి, నేను పగలనందుకు మెచ్చి ఒక ముద్ర కొట్టాడు. అలా విశాఖపట్నంలో మస్తాన్ సాహెబ్ కొట్టుకి చేరాను. అద్దాల వెనక రెండేళ్లు ఎదురుచూశాక ఢిల్లేశ్వరరావు వచ్చాడు.

ఆయన సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. ఉద్దానంలో, సముద్రానికి దగ్గరగా, అన్నదమ్ములిద్దరికీ కలిపి జీడితోట ఉంది. అంతకుముందు వేసవిలో తెల్లవారుజామున పనసకాయలు దించడానికి వెళ్లిన అన్న లోకనాథం ఎలుగుబంటికి ఎదురుపడి చనిపోయాడు. ఆ ఎలుగుని వదలనని తమ్ముడు వదినకి మాటిచ్చాడు. ఆ మాట కోసమే లైసెన్సు, ఆ మాట కోసమే నేను.

మొదట ఆయన చెయ్యి జోడుగొట్టాల పొడుగు తుపాకీ మీదికి పోయింది. సాహెబ్ దారికి అడ్డంగా ఉన్న బల్ల చెక్కని సగం పైకెత్తి పట్టుకుని, "హవల్దార్ సాబ్, దాంతో దీని కిందనుంచి దూరండి" అన్నాడు.

"ఏటి సాయిబూ, ఈ వయసులో దొంగాటా?"

"మీ జీడికొమ్మలు ఇంతే ఎత్తులో ఉంటాయి కదా. దూరి చూడండి."

పొడుగుది రెండుసార్లు చెక్కకి కొట్టుకుంది. దుర్భిణి బిగించిన ఇంకొకటి ఇరుక్కుపోయింది. నాతో ఆయన చెక్క అంటకుండా అవతలికి వచ్చాడు. తర్వాత తూటాల వంతు. విదేశీ పెట్టెలో తళతళలాడే తూటాలు వేసే ఒక రైఫిల్ ఆయనకు నచ్చింది. సాహెబ్ తల అడ్డంగా ఊపాడు.

"అవి రెండేళ్లకోసారి వస్తాయి. ఈ చిన్నదాని తూటాలు ప్రతి నెలా వస్తాయి. కొన్నన్నా పేల్చి చూసుకోకపోతే మీ చేతికి అలవాటెట్టా అవుతుంది? ఇంతకీ దేనికోసం?"

"తోటకాపలాకి."

సాహెబ్ ఆయన మొహంలోకి చూశాడు. "ఎలుగుని కొడితే జైలు సాబ్. ప్రాణం మీదికొస్తే తప్ప."

"తెలుసు" అన్నాడు ఢిల్లేశ్వరరావు. ఆ ఒక్క మాటలో నా పని నాకు అర్థమైంది.

ఆ శీతాకాలమంతా ఆయన భుజాన వేలాడాను. రోజూ చీకటి విడిచే వేళకు తోట చుట్టివచ్చేవాళ్లం. ఇసుకలో అడుగులు కనిపించేవి, ఎలుగు కనిపించేది కాదు. పుష్యమాసంలో ఒకనాడు మంచులోంచి అది హఠాత్తుగా పది బారల దూరంలో నిటారుగా లేచింది. ఆయన నన్ను ఎత్తి మీట నొక్కాడు.

టిక్కుమన్నాను. అంతే.

బోల్టు లాగి మళ్లీ నొక్కాడు. మళ్లీ టిక్కు. ఎలుగు ఆ చప్పుడు విన్నదో, విసుగే పుట్టిందో, నాలుగు కాళ్ల మీదికి దిగి పొదల్లోకి వెళ్లిపోయింది. ఆయన ఇసుకలో కూలబడ్డాడు. అంతకుమించిన సిగ్గు నేనెరగను.

ఇంటికొచ్చి బోల్టు విప్పితే లోపల తెల్లగా, పేరిన నెయ్యిలా ఉంది. వదిన దమయంతి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నానే రాసినాను బాబూ. దసరానాడు నువ్వు పలాస ఎల్లినావు గదా. దీనికి బొట్టెట్టి, మన కొబ్బరినూనె కారేలా పోసినాను. బాగా పేలాలనే."

ఇరవై నాలుగేళ్లు తన ఆయుధం తనే విప్పి తుడుచుకున్న మనిషి, దసరా తర్వాత నా గొట్టం మాత్రం తుడిచి ఊరుకున్నాడు. చలికి నూనె గడ్డకట్టి, తూటాని కొట్టే నా పిన్నుని పట్టేసింది. తప్పు తనదేనని ఆయనకు తెలుసు.

"గానుగ నూనేనా?" అన్నాడు.

"మన కాయలదే."

"అయితే బాగానే పేరుకుందిలే" అన్నాడు. ఆమె తడికళ్లతోనే నవ్వింది. ఆయన నన్ను కిరసనాయిలుతో కడిగి, ఇసుకదిబ్బలోకి మూడు తూటాలు పేల్చాడు. మూడూ పేలాయి. నాకు పరువు తిరిగొచ్చింది. దాంతోపాటు తహతహా పెరిగింది.

వైశాఖంలో జీడిపళ్లు రాలి తోటంతా పుల్లటి వాసన. ఒక ఉదయం కొమ్మల కింద కూర్చుని ఎలుగు పళ్లు ఏరుకు తింటోంది. ముప్పై అడుగులు. మమ్మల్ని చూడలేదు. ఆయన మోకాలి మీద కూర్చున్నాడు. నా ముందు గురి దాని భుజం మీద నిలిచింది. ఆయన సగం ఊపిరి వదిలి ఆపాడు. ఈసారి నాలో ఏ అడ్డూ లేదు.

చోడి అంబలి చెంబుతో దమయంతి వెనకాల వచ్చి నిలబడింది.

"బాబూ, దింపీ" అంది, గుసగుసగా.

"నీకు మాటిచ్చినాను వదినా."

"మీ అన్నని చంపింది అదేనా?"

ఆయన కన్ను గురి మీదే ఉంది. వేలు తియ్యలేదు.

"అదే అయినా గానీ, దాని వీపు మీద చూడు."

నల్లటి బొచ్చులో ఇంకో చిన్న నల్లటి తల కదిలింది.

"నాను మాట అడగనేదు. నువ్వే ఇచ్చినావు. నాకొద్దు, తీసీసుకో."

వేలు ఎంతసేపు అలా ఉందో చెప్పలేను. నా స్ప్రింగు తెగిపోతుందేమో అనిపించింది. చివరికి ఆయన బోల్టు మెల్లగా వెనక్కి లాగాడు. పేలని తూటా ఇసుకలో పడింది. దమయంతి వంగి, దాన్ని కొంగుతో తుడిచి ఆయన జేబులో వేసింది.

మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి. అప్పుడు లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. నా మెడకు చీటీ కట్టి, మిగతావాటి పక్కన గొలుసుతో బిగించారు. ఫలితాలు వచ్చాక ఒక్కొక్కరే వచ్చి ఎవరిది వారు పట్టుకుపోయారు. అందరికంటే ఆలస్యంగా ఢిల్లేశ్వరరావు వచ్చాడు. స్టేషను లెక్కలు రాసే రైటరు నన్ను బల్ల మీద పెట్టి పుస్తకం ముందుకు తోశాడు.

"ఒద్దు సార్. దీన్ని మీకే ఒగ్గీడానికి కాయితమేదో ఉంటాది గదా, అదిచ్చీండి."

"ఏం, ఎలుగులు పోయాయా?"

"ఎక్కడికి పోతాయి? మొన్నా అడుగులున్నాయి. హఠాత్తుగా ఎదురుపడితేనే అవి మీద పడతాయి. మనం వస్తన్నామని ముందే తెలిస్తే పక్కకెల్లిపోతాయి. మా వదినా నేనూ మాటాడుకుంటా నడుస్తన్నాం."

రైటరు నవ్వాడు. "రోజూ తోటంతా తిరిగేదాకా ఏం మాట్లాడుకుంటారయ్యా?"

"మా అన్న గురించి" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

సంతకం పెట్టి, నా మీద ఒకసారి అరచెయ్యి వేసి వెళ్లిపోయాడు. నేనున్న గది కిటికీ రోడ్డు వైపే. ఎవరైనా ఇద్దరు మాటాడుకుంటూ పోతుంటే ఇప్పటికీ చెవి అటు వేస్తాను. మాటలు అందేలోపే వాళ్లు దాటిపోతారు.