వంగసాళ్ల మధ్య తోటకూర

బాబాయి వేసిన వంగసాళ్ల మధ్య అమ్మ తోటకూర చల్లింది. కాయ దిగేలోగా నేల ఊరికే ఉండటం దేనికని ఆమె లెక్క. వదినామరుదుల మధ్య ఒకటే ఒప్పందం: వంగకు పురుగుపట్టి మందు కొడితే బాబాయి కబురు పెట్టాలి, వారం దాకా అమ్మ కూర కోయకూడదు.

ఆ ఉదయం నానమ్మ తాపీగా చెప్పింది. "ఏమే కోడలా, నీ మరిది మందు కొట్టాడట. నీతో చెప్పమన్నాడు."

అమ్మ పకపకా నవ్వింది. "పొద్దున్నేనా! అదీ చాటింపు వేయించి మరీనా? ఎక్కడ తూలిపడ్డాడో చూడండి అత్తయ్యా."

బాబాయికి తాగుడు అలవాటే. అందుకే ఆ మాటకు ఎవరూ ఇంకో అర్థం వెతకలేదు. అమ్మ కొడవలి పట్టుకెళ్లి కూర కోసుకొచ్చి, పొయ్యి మీద పడేసింది.

మధ్యాహ్నం అమ్మ ఇద్దరు కూతుళ్లలో పెద్దపిల్ల వంకాయల కోసం తోటకు వెళ్లింది. పిట్ట కూత లేదు. సాలు పొడవునా చీమలు కాళ్లు ముడుచుకుని పడున్నాయి. వంగాకుల మీది తెల్లటి చుక్కలే కింద తోటకూర మోళ్ల మీదా ఉన్నాయి. గట్టున బాబాయి పొద్దున వాడిన స్ప్రేయర్ కడుగుతున్నాడు. అడుగు తడబడటం లేదు, కళ్లు ఎర్రబడలేదు.

"ఇటెందుకొచ్చావమ్మా? మందు కొట్టానని చెప్పించానుగా!"

పొద్దున నానమ్మ చెప్పిన మందు ఏదో అప్పుడర్థమైంది ఆమెకు. అసలే నోరెత్తని పిల్ల. "అమ్మ... కోసేసింది బాబాయ్," అంది.

బాబాయి ముఖం పాలిపోయింది. "ఎవరైనా తిన్నారా?"

ఇద్దరూ ఇంటికి పరుగెత్తారు.

అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నానమ్మ కునుకు తీస్తోంది. వంటింట్లో చెల్లి ఒక్కతే పీట మీద కూర్చుని ఉంది. ముందున్న కంచం ఖాళీ.

"చిట్టీ, కూర తిన్నావా?" పెద్దపిల్ల అరిచింది. ఆ ఇంట్లో ఆమె అరుపు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

చెల్లి ఉలిక్కిపడింది. "ఆకలేసిందక్కా. అందరూ వచ్చాక తిందువులే అంది అమ్మ. నేనే..." పెదవి చివర నుంచి చొంగ కారింది. తుడుచుకోబోతే చెయ్యి వణికింది. "అక్కా, లైటు వెయ్యవా? ఏమీ కనపడట్లేదు."

కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ ఆ పిల్ల ఒళ్లోనే పడుతోంది.

బాబాయి చిట్టిని ఎత్తుకుని ఆసుపత్రి దారి పట్టాడు. తడి చేతులతో అమ్మ వెంటపడింది. "ఏమైందిరా? ఏమైందే? చెప్పవేం?"

పెద్దపిల్ల నోరు తెరిచింది. "బాబాయి మందు కొట్టింది వంగకమ్మా," అంది.